జింక్ ఆక్సైడ్‌లో కోబాల్ట్ వేస్తే అయస్కాంతం అవుతుందా? తిరుపతి విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఎమ్మెస్సీ చివరి ఏడాది ప్రాజెక్టులు పంచుకునే రోజులొస్తే, నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఈ అంశమే పట్టుకొస్తారు. రసాయనాలు చవక, కొలిమి ఒకటి ఉంటే చాలు, నెల తిరిగేసరికి పొడి చేతికొస్తుంది. ఇంత సులువుగా దొరికే పొడి గురించి నిజం చెప్పడం మాత్రం చాలా కష్టం. ఇన్నేళ్లుగా వాళ్లు నన్ను అడిగినవి, నేను చెప్పినవి ఇక్కడ రాసి పెడుతున్నాను.

అసలు ఈ విషయం ఏమిటి సార్, రెండు ముక్కల్లో చెప్పండి.

జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, టిన్ డయాక్సైడ్, ఇండియం ఆక్సైడ్ అర్ధవాహకాలు. స్వచ్ఛంగా ఉన్నంతవరకు వీటిని అయస్కాంతం ఆకర్షించదు. నిజానికి అతి కొద్దిగా వికర్షిస్తుంది, దాన్నే డయా అయస్కాంతత్వం అంటాం. వీటి స్ఫటికంలో నూటికి ఐదారు లోహ అయాన్లను తీసి, ఆ స్థానాల్లో కోబాల్ట్, మాంగనీస్, ఇనుము, నికెల్ లాంటి పరివర్తన మూలకాల అయాన్లను కూర్చోబెడతాం. దీన్నే డోపింగ్ అంటాం. అలా చేస్తే అర్ధవాహక గుణం పోకుండానే అది గది ఉష్ణోగ్రత దగ్గర ఫెర్రో అయస్కాంతంగా, అంటే ఇనుములా గట్టి అయస్కాంతంగా, మారుతుందా? ప్రశ్న ఇదే.

అర్ధవాహకానికి అయస్కాంతత్వం ఎందుకు?

కంప్యూటర్‌లో లెక్కలు చేసే చిప్ ఎలక్ట్రాన్ ఆవేశాన్ని వాడుకుంటుంది. హార్డ్‌డిస్క్ ఎలక్ట్రాన్ స్పిన్‌ని, అంటే ఎలక్ట్రాన్‌లో ఉండే చిన్న అయస్కాంత గుణాన్ని, వాడుకుంటుంది. రెండు పనులకూ రెండు వేర్వేరు పదార్థాలు. లోహపు పొరల్లో స్పిన్‌ని బట్టి విద్యుత్ నిరోధం బాగా మారుతుందని 1988లో ఆల్బర్ట్ ఫెర్, పీటర్ గ్రూన్‌బర్గ్ విడివిడిగా కనుక్కున్నారు, 2007లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆవేశాన్నీ స్పిన్‌నీ ఒకే అర్ధవాహకంలో నడిపించగలిగితే చిప్పూ జ్ఞాపకమూ ఒకేచోట కుదురుతాయి. ఆ ఆశతోనే స్పిన్‌తో పరికరాలు చేయాలనే స్పిన్‌ట్రానిక్స్ వాళ్లు ఇటు తిరిగారు.

అయితే ఆక్సైడ్లే ఎందుకు? వేరే అర్ధవాహకాలు లేవా?

ఉన్నాయి, ముందు వాటినే ప్రయత్నించారు. యూరోపియం ఆక్సైడ్ ఫెర్రో అయస్కాంతమని 1961లోనే తెలుసు. కానీ 69 కెల్విన్ దాటితే ఆ గుణం పోతుంది. 1996లో జపాన్‌లో హిదేయో ఓనో బృందం గాలియం ఆర్సెనైడ్‌లో మాంగనీస్ వేసి మంచి ఫెర్రో అయస్కాంతాన్ని సాధించింది. దాని క్యూరీ ఉష్ణోగ్రత (అది దాటితే ఫెర్రో గుణం పోతుంది) 1998 నాటికి 110 కెల్విన్ దాకా వెళ్లింది, అంటే మైనస్ 163 డిగ్రీలు. ఎండాకాలంలో నలభై దాటే మన ఊళ్లో దాన్ని ఏ పరికరంలో పెడతాం?

2000లో తోమాస్ డీట్ల్, తోటివారితో కలిసి ఒక సిద్ధాంత పత్రం రాశాడు. జింక్ ఆక్సైడ్‌లోనూ గాలియం నైట్రైడ్‌లోనూ 5 శాతం మాంగనీస్ వేసి, ఘన సెంటీమీటరుకు 3.5×10²⁰ రంధ్రాలు (ఎలక్ట్రాన్ లేని చోట్లు, ధనావేశాల్లా నడుచుకుంటాయి) ఉండేలా చేస్తే క్యూరీ ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతను దాటుతుందని అందులో లెక్క. ఈ మాటను ఉటంకించని థీసిస్ నేను చూడలేదు. చాలామంది వదిలేసేది మాత్రం ఆ రంధ్రాల షరతు. అది రంధ్రాలు విద్యుత్తును మోసే పి-రకం పదార్థం గురించిన లెక్క. మన కొలిమిలోంచి వచ్చే జింక్ ఆక్సైడ్ దానంతట అదే ఎలక్ట్రాన్లు విద్యుత్తును మోసే ఎన్-రకం అవుతుంది, దాన్ని పి-రకంగా మార్చడం ఇప్పటికీ గగనమే. కాబట్టి మీ ఎన్-రకం పొడికి ఆ పత్రాన్ని సాక్ష్యంగా తీసుకురావద్దు.

2001లో జపాన్ నుంచే రెండు ఫలితాలు వచ్చాయి. అనటేస్ అనే స్ఫటిక రూపంలో ఉన్న, కోబాల్ట్ వేసిన టైటానియం డయాక్సైడ్ పొర గది ఉష్ణోగ్రత పైన కూడా ఫెర్రో అయస్కాంతమని మత్సుమోతో బృందం చెప్పింది. కోబాల్ట్ వేసిన జింక్ ఆక్సైడ్ పొరలూ అంతేనని ఉయెదా బృందం చెప్పింది. కానీ అలాంటి ఫలితం తిరిగి రాబట్టగలిగింది పదింట ఒకటి కన్నా తక్కువ సార్లేనని ఆ రెండో పత్రం సారాంశంలోనే నిజాయతీగా రాశారు. ఈ రంగం కథంతా ఆ ఒక్క వాక్యంలో ఉందని నాకనిపిస్తుంది.

డోపింగ్ అంటే కలపడమే కదా?

కాదు. ఇక్కడ కాసేపు ఆగండి.

చమటకాయలకు రాసుకునే గులాబీ రంగు కాలమైన్ లోషన్ చూశారు కదా. అందులో ఉన్నది జింక్ ఆక్సైడే, ఆ రంగు కొద్దిపాటి ఐరన్ ఆక్సైడ్‌ది. అది కలపడం. రెండు పొడులూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని స్ఫటికంలోకి ఇంకొకటి పోలేదు. డోపింగ్‌లో జింక్ అయాన్ లేచిపోయిన చోట కోబాల్ట్ అయాన్ కూర్చోవాలి, చుట్టూ ఉన్న నాలుగు ఆక్సిజన్లను తనవిగా చేసుకోవాలి. నాలుగు ఆక్సిజన్ల మధ్య జింక్ అయాన్ వ్యాసార్ధం 0.60 ఆంగ్‌స్ట్రామ్, కోబాల్ట్‌ది 0.58. అందుకే కోబాల్ట్ అక్కడ హాయిగా ఇముడుతుంది.

సంగటి కెలికేటప్పుడు పిండి సరిగా కలవకపోతే ఉండలు కడుతుంది. పైకి గిన్నెంతా ఒకేలా ఉంటుంది, చెయ్యి పెడితే ఉండ తగులుతుంది. కోబాల్ట్ కూడా అలాగే ఉండ కట్టగలదు. ఆ ఉండ కోబాల్ట్ ఆక్సైడ్ అయితే గది ఉష్ణోగ్రత దగ్గర దానివల్ల ఫెర్రో సంకేతం రాదు. కోబాల్ట్ లోహం అయితే మాత్రం సర్వనాశనం. దాని క్యూరీ ఉష్ణోగ్రత 1388 కెల్విన్, కాబట్టి కొలతలో క్షేత్రాన్ని పెంచి తగ్గిస్తే గీతలో వచ్చే వలయమంతా దానిదే అయి కూర్చుంటుంది.

కోబాల్ట్ లోపలికి వెళ్లిందో లేదో మొదట కళ్లే చెబుతాయి. తెల్లని జింక్ ఆక్సైడ్ పచ్చబడుతుంది. 1780లో స్వెన్ రిన్మన్ కనుక్కున్న ఆకుపచ్చ రంగు ఇదే, చిత్రకారులు వాడేవారు. కాంతి శోషణ వర్ణపటంలో 567, 615, 660 నానోమీటర్ల దగ్గర మూడు శిఖరాలు కనబడితే నాలుగు ఆక్సిజన్ల మధ్య రెండు ధనావేశాల కోబాల్ట్ ఉన్నట్టు. పచ్చటి పొడిలో నల్లటి చుక్కలు కనిపిస్తే మళ్లీ రోట్లో వేయండి, ఇంకోసారి కాల్చండి.

ఐదు శాతం కోబాల్ట్‌కే పదార్థమంతా ఎందుకు అయస్కాంతం కావాలి?

మంచి ప్రశ్న. ఈ ప్రశ్న అడిగినవాళ్లకు ప్రాజెక్టు ఇవ్వడానికి నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

జింక్ ఆక్సైడ్‌లో ప్రతి లోహ స్థానానికీ పన్నెండు పొరుగు లోహ స్థానాలున్నాయి. ఐదు శాతం కోబాల్ట్ గుడ్డిగా చల్లినట్టు పరుచుకుందనుకుందాం. ఒక కోబాల్ట్‌కు పన్నెండు ఇళ్లలో ఒక్క కోబాల్ట్ పొరుగు కూడా లేకపోయే అవకాశం 0.95ని పన్నెండు సార్లు గుణిస్తే వస్తుంది. అది 0.54. అంటే సగానికి పైగా కోబాల్ట్‌లు ఒంటరివి. ఒంటరి అయాన్ పారా అయస్కాంతంలా నడుచుకుంటుంది. క్షేత్రం పెడితే కొద్దిగా తిరుగుతుంది, తీసేస్తే మరిచిపోతుంది. మిగతావాటిలో పక్కపక్కన ఉన్నవి నడుమ ఆక్సిజన్ ద్వారా మాట్లాడుకుని ఎదురెదురుగా నిలబడతాయి, అది యాంటీ ఫెర్రో. పొరుగు నుంచి పొరుగుకి గొలుసు పదార్థమంతా పాకాలంటే ఇలాంటి స్ఫటికంలో దాదాపు 20 శాతం కావాలి.

మామూలు లెక్క ప్రకారం మీ పొడి పారా అయస్కాంతమే కావాలన్నమాట. ఫెర్రో అయిందని చెప్పేవాళ్లు ఒంటరి కోబాల్ట్‌లను దూరం నుంచి కలిపేది ఏదో ఒకటి చూపించాలి. నిరూపించే బాధ్యత మీమీదే ఉంది.

ఆ కలిపేది ఏమై ఉండొచ్చు?

డీట్ల్ మాటలో రంధ్రాలు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో మైఖేల్ కోయ్ బృందం 2005లో చెప్పినదాని ప్రకారం ఆక్సిజన్ ఖాళీలు. ఆక్సిజన్ లేచిపోయిన చోట ఎలక్ట్రాన్లు మిగులుతాయి. అలాంటి ఎలక్ట్రాన్ ఒక్క అణువుకే అంటుకోకుండా చుట్టూ పెద్ద పరిధిలో తిరుగుతుంది. ఆ పరిధిలో పడిన కోబాల్ట్‌లన్నిటినీ ఒకేవైపు తిప్పుతుంది. ఇలాంటి పరిధులు ఒకదానిమీద ఒకటి పడితే పదార్థమంతా ఒకటవుతుంది. ఆ తర్వాత అదే బృందం ఇంకో ఊహ ముందుకు తెచ్చింది. అందులో అయస్కాంతత్వం లోపాలు పోగుపడిన చోట్లదే, కోబాల్ట్ ఎలక్ట్రాన్లు ఇచ్చి పుచ్చుకునే ఖజానా మాత్రమే.

ఈ సందేహానికి ఊతమిచ్చే పని మనకు పక్కనే జరిగింది. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత పరిశోధన కేంద్రంలో సుందరేశన్ బృందం 2006లో ఏ డోపింగూ లేని జింక్ ఆక్సైడ్, టిన్ ఆక్సైడ్, అల్యూమినా, సీరియా నానో రేణువుల్లో గది ఉష్ణోగ్రత దగ్గరే ఫెర్రో సంకేతం చూసింది. అంతకు ముందు ఏడాది అదే సంస్థ నుంచి సి.ఎన్.ఆర్.రావు, దీపక్ కలిసి ఇంకో ఫలితం ప్రకటించారు. మాంగనీస్, కోబాల్ట్ వేసిన జింక్ ఆక్సైడ్‌ను జాగ్రత్తగా తయారుచేస్తే ఫెర్రో గుణమే లేదన్నారు. రెండూ చదవండి. ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదవండి.

మాకు ఎస్ ఆకారంలో చక్కటి వలయం వచ్చింది. ఫెర్రో అనేసి రాసేయొచ్చా?

ముందు అంకె చూడండి, ఆకారం తర్వాత.

ఐదు శాతం కోబాల్ట్ ఉన్న జింక్ ఆక్సైడ్‌లో ప్రతి కోబాల్ట్ అయానూ తన మూడు బోర్ మాగ్నెటాన్లనూ (ఒక్కో అయాన్ అయస్కాంత బలానికి కొలమానం) ఒకే దిక్కున పెడితే గ్రాముకు సుమారు 10 ఈఎంయూ (మొత్తం నమూనా అయస్కాంత బలానికి కొలమానం) రావాలి. మా పిల్లలు తెచ్చే వలయాలు గ్రాముకు 0.01 ఈఎంయూ దగ్గర తేలతాయి. అంటే రావలసినదాంట్లో వెయ్యో వంతు. ఒక టెస్లా క్షేత్రంలో, గది ఉష్ణోగ్రత దగ్గర, ఆ కోబాల్ట్ ఒట్టి పారా అయస్కాంతంగానే ఉన్నా గ్రాముకు దాదాపు 0.04 ఈఎంయూ ఇస్తుంది. మీ వలయం దానికంటే చిన్నది.

ఇంకో లెక్క వేద్దాం. కొలతకు పంపిన పొడి 100 మిల్లీగ్రాములు, సంకేతం గ్రాముకు 0.01 ఈఎంయూ. మొత్తం 0.001 ఈఎంయూ. ఇనుము గ్రాముకు 218 ఈఎంయూ ఇస్తుంది. కాబట్టి ఆ వలయమంతా రావడానికి 5 మైక్రోగ్రాముల ఇనుము చాలు. దాన్ని ఒకే ముక్కగా చూస్తే తలవెంట్రుక మందమంత నలుసు. మీ రసాయనం సీసా మీద 99.9 శాతం శుద్ధి అని ఉంటుంది. మిగతా 0.1 శాతం ఈ నలుసుకు ఇరవై రెట్లు.

అంకె మరీ పెద్దదైనా అనుమానించాలి. 2003లో మేరీల్యాండ్‌లో సతీశ్‌చంద్ర ఒగాలే బృందం కోబాల్ట్ వేసిన టిన్ డయాక్సైడ్ పొరలో ఒక్కో కోబాల్ట్‌కు 7.5 బోర్ మాగ్నెటాన్లు కొలిచింది. కోబాల్ట్ అయాన్ స్పిన్ ఒక్కటే అంత ఇవ్వలేదు. ఇంకెక్కడి నుంచో వస్తోందన్నమాట. అది ఎక్కడి నుంచి అన్నదే ఆ తర్వాతి చర్చంతా.

ఇనుము ఎక్కడి నుంచి వస్తుంది సార్? మేం వాడలేదే?

నేను కూడా వాడలేదనే అనుకున్నాను.

పీహెచ్‌డీ రెండో ఏడు. కోబాల్ట్ పొడికి వలయం వచ్చింది. కోయర్సివిటీ ఉంది, అంటే అయస్కాంతత్వాన్ని సున్నా చేయడానికి ఎదురు క్షేత్రం పెట్టాల్సి వచ్చింది, రెండుసార్లు కొలిచినా అలాగే వచ్చింది. రెండు నెలలు కూర్చుని పత్రం రాశాను. పంపే ముందు రోజు మా గైడ్ ఒక్క మాట అడిగారు: “ఏమీ వేయని జింక్ ఆక్సైడ్‌ని ఇదే దారిలో చేసి కొలిచావా నాయనా?” చేయలేదు. చేశాను. అదే వలయం వచ్చింది.

రోలు అగేట్‌దే, మూస అల్యూమినాదే. మిగిలింది స్టీల్ స్పాట్యులా. ప్రతిసారీ రోటి గోడకు అంటిన పొడిని నేను దాంతోనే గీకి తీసేవాణ్ణి. దీపం కింద పెట్టి చూస్తే దాని అంచు ఒకవైపు అరిగి తళతళలాడుతోంది. ఆ అరుగుదలంతా ఎక్కడికి పోయిందో అర్థమై చేతులు చల్లబడ్డాయి. ప్లాస్టిక్ గరిటెతో మొదటి నుంచి చేస్తే వలయం లేదు, తిన్నని గీత ఒక్కటే. ఆ పత్రం పంపలేదు. ఆ స్పాట్యులా ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది, కొత్త పిల్లలకు చూపిస్తాను.

నా ఒక్కడికే జరిగింది కాదిది. హాఫ్నియం ఆక్సైడ్ పొరల్లో కనబడ్డ అయస్కాంతత్వం మీద పెద్ద చర్చ నడుస్తున్నప్పుడు, 2005లో ఐబీఎం పరిశోధకులు స్టీల్ పట్టకారుతో ముట్టుకున్న పలకల్లో అలాంటి సంకేతమే వస్తుందని చూపించారు.

మన ఊరి దుమ్ము సంగతి కూడా చెప్పాలి. చిన్నప్పుడు స్వర్ణముఖి ఇసుకలో అయస్కాంతం తిప్పితే నల్లటి రేణువులు మీసాల్లా అంటుకునేవి, గుర్తుందా? వాటిలో ఎక్కువ భాగం మాగ్నటైట్ అనే అయస్కాంతపు ఇనుప ఆక్సైడే. అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు చుట్టి ప్రయోగశాల కిటికీ గట్టు మీద ఒకసారి రాయండి. అంటుకున్నది చూశాక కిటికీ తెరిచి పొడి నూరరు.

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్ కిరణాలతో స్ఫటికాన్ని గుర్తుపట్టే పరీక్షలో) వేరే శిఖరం ఏదీ లేదు. అంటే శుద్ధమే కదా?

కాదు. ఒకటి రెండు శాతం కంటే తక్కువ ఉన్న రెండో దశ, అంటే వేరే పదార్థం, ఎక్స్‌ఆర్‌డీకి కనబడదు. మనల్ని ముంచేది వేలల్లో ఒక వంతు. ‘రెండో దశ కనబడలేదు’ అని రాయండి, ‘రెండో దశ లేదు’ అని రాయకండి.

ఏ మూలకం వేస్తే ఏది అనుమానించాలి?

మాంగనీస్ వేసినప్పుడు ఉష్ణోగ్రత తగ్గిస్తూ కొలవండి. 43 కెల్విన్ దగ్గర అయస్కాంతీకరణ ఒక్కసారిగా పైకి లేస్తే అక్కడ మూడు మాంగనీస్‌లు, నాలుగు ఆక్సిజన్ల ఆక్సైడ్ దాగి ఉంది. ఇనుము వేస్తే 120 కెల్విన్ దగ్గర చిన్న మెట్టు కోసం చూడండి, అది మాగ్నటైట్ సంతకం. మెట్టు లేనంత మాత్రాన మాగ్నటైట్ లేదనుకోవద్దు, రేణువులు మరీ చిన్నవైతే అది మసకబారిపోతుంది. ఇనుముకు ఇంకో చిక్కుంది. జింక్ ఫెర్రైట్ పెద్ద స్ఫటికంగా ఉన్నప్పుడు గది ఉష్ణోగ్రత దగ్గర అమాయకమే కానీ, నానో రేణువుగా మారితే జింక్, ఇనుము స్థానాలు తారుమారై గట్టి అయస్కాంతమవుతుంది. మొదటి ప్రాజెక్టుకు ఇనుము వద్దని నా సలహా. నికెల్‌కు లోహపు నికెల్ సంగతి చూసుకోండి, సుమారు 630 కెల్విన్ దగ్గర సంకేతం పోతే అదే దొంగ.

ఆక్సిజన్ ఖాళీలే కారణమని ఎలా పరీక్షించాలి?

ఒకే పొడిని రెండు భాగాలు చేసి ఒకదాన్ని ఆక్సిజన్‌లో, ఇంకోదాన్ని శూన్యంలో వేడి చేసి పోల్చండి. శూన్యంలో సంకేతం పెరిగి, ఆక్సిజన్‌లో తగ్గి, మళ్లీ శూన్యంలో పెరిగితే ఆ దిశగా ఒక సూచన దొరికినట్టే. హైడ్రోజన్ వాయువులో మాత్రం చేయకండి. కొన్ని వందల డిగ్రీలకే కోబాల్ట్ ఆక్సైడ్ లోహంగా మారిపోతుంది, సంకేతం వందల రెట్లు పెరుగుతుంది, మీరు ఖాళీల వల్లే అని సంబరపడతారు.

పలుచటి పొరలు చేస్తే ఈ గొడవ తగ్గుతుందా?

పెరుగుతుంది. పొర 100 నానోమీటర్లు, కింద ఉన్న పలక అర మిల్లీమీటరు, అంటే ఐదు వేల రెట్లు మందం. పలకను ఒక్కదాన్నే ముందు కొలిచి పెట్టుకోండి.

నవంబరు వానల్లో చేసిన పొడులు ఎందుకు సరిగా రావు?

ఇది తప్పు పట్టలేని అనుభవం. కోబాల్ట్ నైట్రేట్, జింక్ నైట్రేట్ రెండూ గాలిలో తేమను పీల్చుకుంటాయి. తుపాను పట్టిన రోజు సీసా మూత తీసి బటర్ పేపరు మీద తూకం వేస్తుంటే, అంకె స్థిరపడదు, మీ కళ్లముందే పెరుగుతూ పోతుంది. కాగితం మీద గులాబీ మరక మిగులుతుంది. మీరు తూచింది కొంత నీళ్లే, ఐదు శాతం అనుకున్నది నాలుగో నాలుగున్నరో అవుతుంది. ముందే ద్రావణం చేసి ఈడీటీఏ టైట్రేషన్‌తో గాఢత తేల్చుకుని, అందులోంచి పిపెట్‌తో తీసుకోండి. అంత ఓపిక లేకపోతే ఆక్సైడ్లతో ఘనస్థితి పద్ధతి పట్టుకోండి. ఐదు గ్రాముల పొడికి జింక్ ఆక్సైడ్ 4.77 గ్రాములు, నల్లటి కోబాల్ట్ ఆక్సైడ్ పావు గ్రాము చాలు. రెండూ తేమకు లొంగవు.

అయస్కాంతం దగ్గర పెడితే పొడి కదలడం లేదు. ప్రయోగం విఫలమైందా?

కదలకపోవడమే మంచిది. గట్టిగా దూకి అంటుకుంటే అప్పుడు భయపడండి.

ఫెర్రో రాకపోతే నా థీసిస్ ఏమవుతుంది?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు పిల్లల గొంతు మారిపోతుంది. మంగళంలోనో పాకాలలోనో ఇంట్లో అమ్మానాన్నలు డిగ్రీ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. ఫెలోషిప్ అయిపోవస్తుంటుంది. అందుకే గట్టిగా చెబుతున్నాను: పారా అయస్కాంతం అని సరిగ్గా నిరూపించడం కూడా ఫలితమే. సి.ఎన్.ఆర్.రావు అంతటివారు ‘లేదు’ అని శీర్షికలోనే పెట్టి ప్రకటించారు. 2008లో ఒక యూరోపియన్ బృందం ఎక్స్ కిరణాలతో ఒక్కో మూలకాన్నీ విడిగా పరిశీలించి, ఫెర్రో సంకేతం చూపించే పొరలో సైతం కోబాల్ట్ పారా అయస్కాంతమేనని తేల్చింది. ఆ పనిని ఇప్పటికీ ఉటంకిస్తున్నారు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. రాని వలయాన్ని రాబట్టడానికి పది నమూనాల్లో ఒకటి ఎంచుకుని మిగతా తొమ్మిదింటి సంగతి దాచేయడం. అలా చేసిన పత్రాన్ని నమ్మి ఇంకో ఊళ్లో ఇంకో అమ్మాయి రెండేళ్లు ధారపోస్తుంది. తొమ్మిదింటినీ రాయండి. నా దగ్గర ఏ విద్యార్థికీ దానివల్ల డిగ్రీ ఆగలేదు.

పైగా అదే పొడితో చేయగలిగినవి చాలా ఉన్నాయి: వాయువులను పసిగట్టే సెన్సర్లు, రంగునీళ్లను వెలుతురుతో శుభ్రం చేయడం, రంగు మీద అధ్యయనం.

కొలతకు నమూనా పంపేటప్పుడు ఏం చూసుకోవాలి?

అయస్కాంతత్వం కొలిచే యంత్రం వీఎస్ఎం అయినా స్క్విడ్ అయినా చాలాసార్లు వేరే ఊరికి పంపి కొలిపించుకుంటాం. ప్రతి పొడికీ మూడు పొట్లాలు చేయండి: డోపింగ్ ఉన్నది, లేనిది, ఇంకా ఖాళీ క్యాప్సూల్. మూడూ ఒకే చేతితో, ఒకే ప్లాస్టిక్ గరిటెతో, ఒకే రోజు నింపాలి. స్టేప్లర్ పిన్ను దరిదాపుల్లో ఉండకూడదు, కాగితపు పొట్లానికి కూడా వద్దు. బరువు పొట్లం మీదే రాయండి. సంఖ్య మాత్రం వేసి, ఏది దేనిదో మీ పుస్తకంలో మీ దగ్గర పెట్టుకోండి. కొలిచేవాళ్లకు తెలియకపోవడం మంచిది. అంకెలు వచ్చేదాకా మీరు కూడా ఆ పేజీ తెరవకండి.